జమ్ముమడి

తొట్టి పాచి పట్టిందంటే ఆ రోజు వంట పెందలాడే ముగించుకోవాలి. భోజనాలయ్యాక అంట్లు పెరట్లో పడేసి, కుచ్చెళ్ళు పైకి దోపుకుని, రెండు ఇనప బకెట్లతో ముందు వాకిట్లోకి వెళ్ళేది ప్రేమకుమారి. ఆమె మనసులో అది తొట్టే. భర్త భవానీప్రసాద్ మాత్రం దాన్ని లోటస్ పాండ్ అనేవాడు, దాంట్లో ఉన్నవి కలువలే అయినా.

జగ్గయ్యపేటలో నందిగామ రోడ్డు వైపు ఆ కొత్త డాబా లేచింది ఎనభై ఒకటిలో. ముక్త్యాల దారిలో సిమెంటు ఫ్యాక్టరీ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. భవానీప్రసాద్‌కి అక్కడ రాయి తోలే లారీలున్నాయి, చిన్నాపెద్దా కట్టుబడి కాంట్రాక్టులున్నాయి. హైదరాబాదులో ఎవరో పెద్దాయన బంగళా చూసొచ్చి, మన ఇంటి ముందూ అలాంటి కొలను ఉండాల్సిందేనన్నాడు. మామిడికాయ ఆకారంలో తవ్వించి, సిమెంటు చేయించి, అంచుకి నాపరాళ్ళు పరిపించి, బెజవాడ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో ఎర్ర చేపలు తెప్పించాడు. తాపీమేస్త్రీ ఇశ్రాయేలు, "నీళ్ళు పొయ్యేదానికి తూము యాడ పెట్టమంటారండీ?" అని అడిగాడు. "తూము పెడితే కారుద్ది. ఏం అక్కర్లా," అన్నాడు భవానీప్రసాద్. ఆ ఒక్క మాటతో ఆ తొట్టి ప్రేమకుమారి నడుం మీదకొచ్చి పడింది.

ఎండ తగిలి, చేపల మలం చేరి, రెండు వారాలు తిరక్కుండానే నీళ్ళు చిక్కటి ఆకుపచ్చరంగుకి తిరిగేవి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకునేవి. అప్పుడు నీళ్ళన్నీ ఎత్తిపోసి, అడుగున పేరుకున్న జిగురంతా కొబ్బరిపీచుతో రుద్ది, బోరింగు కొట్టి మళ్ళీ నింపాలి. పాచినీళ్ళు వాకిట్లో పారబోయకూడదు. "ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్ళు బురద తొక్కుతూ రావాలా?" అన్నాడతను మొదటిసారే. కాబట్టి ఇల్లు చుట్టి పెరట్లో అరటిచెట్ల దాకా మొయ్యాలి. అంట్లు తోమే బేబి ఇశ్రాయేలు పెళ్ళామే. "ఒక్కపూట కూలి ఇప్పిస్తే మా ఆయనా నేనూ ఎత్తిపోస్తాం అమ్మగారూ," అందామె. అత్తగారు రాఘవమ్మ ఒప్పుకోలేదు. "ముగ్గురం మనుషులం ఉండి, నీళ్ళు తోడ్డానిక్కూడా కూలీని పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు," అంది. ఆ ముగ్గురిలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి కాంట్రాక్టులు. ఇక మిగిలింది ఎవరో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు.

ప్రేమకుమారి బెజవాడలో బియ్యెస్సీ చదివింది, బోటనీ. వరండాలో కూచున్న పెద్దమనుషులకి, "మా ఆవిడ బియ్యెస్సీ అండి," అని చెప్పేవాడు భర్త. ఆ పెద్దమనుషులు వెళ్ళాక కూరలో ఉప్పు తక్కువైతే, "నీ బియ్యెస్సీ పప్పులో వేసి తిప్పు," అనేవాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకే తేలికతో వచ్చేవి. మొదట్లో ఆమెకి రెండోది గుచ్చుకునేది. తర్వాత్తర్వాత మొదటిది కూడా గుచ్చుకోవటం మొదలైంది. నాపరాళ్ళు చూపించినట్టూ, చేపల్ని చూపించినట్టూ తనని చూపిస్తున్నాడని ఒకరోజు కాఫీ గ్లాసులు అందిస్తుండగా అర్థమైంది. అర్థమైనా చెయ్యగలిగింది ఏమీ లేదు. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

పెళ్ళైన నాలుగేళ్ళకి నెల తప్పింది. వేవిళ్ళు తగ్గి, కడుపు కాస్త కనపడుతున్న రోజుల్లో తొట్టి మళ్ళీ పచ్చబడింది. ఈసారికి మనిషిని పెట్టించండని అడిగింది. రాఘవమ్మ అడ్డొచ్చింది. "పనిచేసే ఒళ్ళయితే కాన్పు తేలిగ్గా అవుద్ది అమ్మాయ్. ప్రసాదు కడుపులో ఉండగా నేను మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తా." భవానీప్రసాద్ పేపరు మడిచి, కాసేపు ఆలోచించి, "రెండేసి కాకపోతే ఒక్కో బకెట్టే మోసుకో. నిన్నెవరు తొందర పెట్టారు?" అన్నాడు. ఆ మాట అన్నందుకు తన మంచితనం మీద తనకే గౌరవం కలిగినట్టు మొహం పెట్టాడు. ఒక్కో బకెట్టే అంటే నడక రెట్టింపని అతనికి తట్టలేదు.

ఫ్యాక్టరీ మేనేజర్‌ని భోజనానికి పిలిచిన రోజున జరిగింది. తెల్లారకముందే లేచి తొట్టి ఖాళీ చేసి, రుద్ది, బోరింగు కొట్టి నింపి, స్నానం చేసి పొయ్యి దగ్గరికొచ్చింది. ఆమెకి అప్పుడు ఐదో నెల. వంకాయలు తరుగుతుంటే నడుంలో సన్నగా మొదలైన నొప్పి పులుసు పొంగేసరికి కాళ్ళలోకి దిగింది. వెనక గదిలోకి వెళ్ళి చాప మీద కూచుంది. చీర తడిగా తగిలితే చూసుకుంది. రాఘవమ్మ వచ్చి చూసి, తలుపు దగ్గరికి వేసి, పాత పంచె మడిచి ఇచ్చింది. "కాస్త ఓర్చుకో. ఆళ్ళు భోంచేసి వెళ్ళనీ. నేను పెరుగు వడ్డించొస్తా," అంది. ఆమె గొంతులో కోపం లేదు, కంగారూ లేదు. పాలు పొంగుతుంటే మంట తగ్గించే మనిషి గొంతులా ఉంది. గోడ అవతల వరండాలోంచి మేనేజర్ మాట వినపడింది. "నీళ్ళు అద్దంలా ఉన్నాయండీ. ఎలా మెయింటెయిన్ చేస్తున్నారు?" భర్త నవ్వాడు. "రోజూ చూసుకోవాలండి. వదిలేస్తే అంతే." ప్రేమకుమారి కొంగు నోట్లో కుక్కుకుని, అతిథులు తాంబూలాలు తీసుకుని లేచేదాకా చప్పుడు చెయ్యకుండా ఉంది.

నందిగామ ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రమైంది. డాక్టరమ్మ చెయ్యాల్సింది చేసి, చేతులు కడుక్కుంటూ అడిగింది. "బరువులేమైనా ఎత్తారా?" ప్రేమకుమారి నోరు తెరిచేలోపే రాఘవమ్మ అందుకుంది. "మా ఇంట్లో పూచికపుల్ల కూడా ఎత్తనివ్వమండి. మహారాణిలా చూసుకుంటాం." భవానీప్రసాద్ కిటికీలోంచి రోడ్డు మీద ఆగిన బస్సుని చూస్తున్నాడు. డాక్టరమ్మ ప్రేమకుమారి వైపు చూసి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. డాక్టరమ్మ వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. పోయింది ఆడపిల్ల అని ఆయా చెప్పింది. ఎక్కడ పూడ్చిపెట్టారని తిరిగొచ్చే దారిలో అడిగితే, "అయ్యన్నీ అడక్కూడదు," అంది రాఘవమ్మ. ఆ మాటొక్కటే కాస్త మెత్తగా అంది.

పుట్టింటికి, పెనుగంచిప్రోలు పంపించారు. తల్లి బసవమ్మ పథ్యం పెట్టి, నడుముకి కాపడం పెట్టి, "ఇంకా చిన్నదానివి, దేవుడు మళ్ళీ ఇస్తాడు," అంది. బకెట్ల సంగతి చెబితే విని, చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూచుంది. "పోయేటప్పుడు మీ నాన్నతో చెప్పించనా?" అంది చివరికి. "ఏవని చెప్పిస్తావమ్మా?" అంటే తల్లి బియ్యం చేట తీసుకుని లేచింది. తండ్రి వెంకటరత్నంతో అలాంటి మాటలు ఎవరూ మాట్లాడరు. ఆయన అల్లుడిది పెద్ద చెయ్యని ఊళ్ళో చెప్పుకుంటాడు.

కాస్త నడవగలిగాక సాయంత్రాలు మున్నేటి వైపు వెళ్ళేది. ఊరి మురుగంతా ఒక కాలవగా వచ్చి ఏట్లో కలిసే చోట జమ్ముగడ్డి నిలువెత్తు పెరిగి ఉంటుంది. చిన్నప్పట్నించీ చూస్తున్న చోటే. ఈసారి గట్టు మీద కూచుని, వేరే పనేమీ లేక, దాన్నే చూసింది. జమ్ములోకి దిగేటప్పుడు నీళ్ళు నల్లగా, నురగతో ఉన్నాయి. జమ్ము దాటి అవతల ఇసకలోకి వచ్చేటప్పుడు అడుగున రాళ్ళు కనపడుతున్నాయి, చీపురుపుల్లంత చేపపిల్లలు తిరుగుతున్నాయి. లేచి వెళ్ళి దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. మట్టి వాసన తప్ప ఏమీ లేదు. కాలేజీలో మేడమ్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. వేళ్ళ చుట్టూ, రాళ్ళ మీదా కంటికి కనపడని ప్రాణులు పట్టుకుని కుళ్ళంతా విడగొడతాయని, ఆ విడగొట్టింది మొక్క తాగేస్తుందని. తొట్టిలో పాచికి దొరుకుతున్న తిండి అదే. ఆ తిండి జమ్ము ముందే తినేస్తే పాచి ఏం తిని పెరుగుతుంది? ఆ ఆలోచనలో ఆమెకి ఆనందం ఏమీ లేదు. మళ్ళీ కడుపు వస్తుంది, మళ్ళీ తొట్టి పచ్చబడుతుంది, అప్పుడు తను ఏం చెయ్యాలి అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

జగ్గయ్యపేట వచ్చాక ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది. తొట్టి పక్కనే, దానికన్నా ఎత్తుగా ఒక మడి కట్టి, కంకర పోసి, జమ్ము నాటి, తొట్టి నీళ్ళు అందులోంచి తిప్పితే ఇక నీళ్ళు మార్చక్కర్లేదని చెప్పింది.

"బురదమొక్కలతో నీళ్ళు శుభ్రం చేస్తావా?" అన్నాడు భవానీప్రసాద్. "అయినా ఇప్పుడు నీళ్ళు మారుస్తుంటే వచ్చిన బాధేంటి?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. ప్రేమకుమారి అతని కంచం వైపు చూసింది. అతను మర్చిపోలేదు, అతనికి అసలు ఆ బకెట్లనీ పోయిన బిడ్డనీ కలిపి చూడాలని తోచనే లేదు. తనని తాను కూడగట్టుకుని, అతనికి పనికొచ్చే మాట వెతుక్కుంది.

"ఇట్టాంటిది ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో కూడా లేదండి," అంది.

మర్నాడే ఇశ్రాయేలుని పంపించాడు, ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకల్ని వాడుకోమన్నాడు. ఇశ్రాయేలు ఒక్కపూటలో నడుమెత్తు గోడలు లేపి, లోపల సిమెంటు పూసి వెళ్ళిపోయాడు. మిగతాదంతా ప్రేమకుమారి, అంట్లయ్యాక బేబి. అడుగున చిల్లులు పొడిచిన గొట్టం పరిచారు, నీళ్ళు కిందనుంచి పైకి రావటానికి. దాని మీద పెద్ద కంకర, ఆపైన చిన్న కంకర, అన్నిటికన్నా పైన మున్నేటి గులకరాళ్ళు. మట్టి పిడికెడు కూడా లేదు. పాడైన ఎయిర్‌కూలర్‌లోంచి పంపు పీకి బాగుచేయించి తొట్టిలో నిలబెట్టింది. అది నీళ్ళని మడి అడుగుకి తోస్తే, కంకరలోంచి, వేళ్ళలోంచి ఊరి పైకొచ్చి, గోడకి వదిలిన గండిలోంచి మళ్ళీ తొట్టిలోకి సన్నగా జారాలి. కంకర కడగటానికి బేబి జల్లెడ పట్టుకుంటే ప్రేమకుమారి చెంబుతో నీళ్ళు పోసింది. బకెట్ ఎత్తలేదు. బేబి కూడా ఆమెని ఎత్తనివ్వలేదు.

పెనుగంచిప్రోలు నుంచి తండ్రి చేత జమ్ము దుంపలు, తుంగ, వస తెప్పించింది. వీధి చివర కాలవగట్టున ఉన్న మెట్టతామర దుబ్బు తనే తవ్వుకొచ్చింది. వేళ్ళకున్న మట్టంతా కడిగి, దుంప కుళ్ళకుండా కోత చూసుకుని, ఒక్కోదాన్ని గులకరాళ్ళలో వేళ్ళతో సందు చేసి నిలబెట్టింది. పొడుగు పెరిగేవి వెనక, వస ముందర అంచుకి. ఆ పనిలో ఉన్నంతసేపు ఎవరి మాటా ఆమె బుర్రలో మోగలేదు. గోళ్ళలో బురదతో లోపలికొస్తే రాఘవమ్మ, "కూలిదానివి కాబోయి మా ఇంట్లో పడ్డావు," అంది. ఎప్పుడూ కలుక్కుమనే చోట ఈసారి ఏమీ కలుక్కుమనలేదు.

మొదట అంతా తిరగబడింది. నీళ్ళు బూడిదరంగుకి మారి, చేపలు రెండు చచ్చి తేలాయి. జమ్ము ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. కరెంటు పోయినప్పుడల్లా మడి నుంచి కుళ్ళు వాసన. "నీ బోటనీ చాలు, పగలగొట్టించేస్తా," అన్నాడు భర్త. "ఈ నెల ఆగండి," అంది. అతను ఆగింది ఆమె మాట మీద కాదు, ఫ్యాక్టరీ బిల్లులు వచ్చే హడావుడిలో మర్చిపోయాడు. ఆ మర్చిపోవటమే ఆమెకి దొరికిన గడువు. వాలిన ఆకుల్ని కోసేసింది. పంపు జాలికి పట్టిన జిగురు రోజూ తీసింది. ఒక ఉదయం జమ్ము మొదట్లో పచ్చటి మొలక సూదిలా కనపడింది. వస చిగురు నలిపితే ఘాటు వాసన వేసింది. ఆ తర్వాత కొన్ని వారాలకి ముగ్గు వేస్తున్న బేబి కేకేసింది. "అమ్మగారూ, ఇటు రండి. అడుగున రాళ్ళు అగపడతన్నయ్."

ప్రేమకుమారి వచ్చి నాపరాయి మీద కూచుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. చేపలు అడుగునా పైనా తిరుగుతున్నాయి, వాటి నీడలు కూడా కనపడుతున్నాయి. ఇది ముందే ఎందుకు చెయ్యలేదు అని ఒక్కసారిగా అనిపించింది. చదువు తనది, జమ్ము తన ఊరిది, ఇటుకలు ఇంట్లోవే. ఒక ప్రాణం పోయాకగానీ వాటిని దగ్గరికి చేర్చుకునే తీరిక తనకి ఎవరూ ఇవ్వలేదు, తనూ తీసుకోలేదు. ఏడుపు రాలేదు. పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చి లేచింది.

మేనేజర్ మళ్ళీ వచ్చినప్పుడు భవానీప్రసాద్ ఆయన్ని తిన్నగా మడి దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఫారిన్ మ్యాగజైన్‌లో చూశానండి. మన లోకల్ కండిషన్స్‌కి తగ్గట్టు నేనే డిజైన్ మార్చా." మొక్కల పేర్లేంటని అడిగాడు మేనేజర్. భవానీప్రసాద్ తడుముకున్నాడు. కాఫీ తెచ్చిన ప్రేమకుమారి గ్లాసులు పెడుతూ, "జమ్ము, తుంగ, వస, మెట్టతామర అండి," అంది. "మా ఆవిడకి మొక్కల పిచ్చి, పొద్దస్తమానం నీళ్ళు పోస్తుంటది," అని నవ్వాడు భర్త. ఆ మొక్కలకి ఎవరూ నీళ్ళు పొయ్యక్కర్లేదన్న సంగతి మేనేజర్‌కి కూడా తట్టలేదు. ఆయనా నవ్వాడు.

గెస్ట్‌హౌస్ ముందు దీనికి నాలుగింతల కొలను, దానికి తగ్గ మడి కట్టే కాంట్రాక్టు అట్లా వచ్చింది. గోడలూ సిమెంటూ అయ్యాక అతని చేతిలో పని ఆగిపోయింది. గొట్టం ఎట్లా పరవాలో, కంకర ఏ లెక్కన పొయ్యాలో తెలీలేదు. ఆఫీసర్లుండని ఆదివారాలు చూసుకుని భార్యని జీపులో తీసుకెళ్ళేవాడు. "పాత చీర కట్టుకో. ఎవరన్నా అడిగితే గుడికెళ్తూ ఆగామని చెప్పు," అనేవాడు. లారీలు లేపే తెల్లటి దుమ్ములో, ఆడకూలీల మధ్య నిలబడి ఆమె చెప్పేది, వాళ్ళు చేసేవాళ్ళు, చేత్తో చూపించాల్సి వస్తే తనూ దిగేది. అబద్ధమాడటమెందుకు, ఆ ఆదివారాలంటే ఆమెకి ఇష్టంగా ఉండేది. ఆ పని తనదని ఎవరికీ తెలియదు, అయినా కాళ్ళు కంకరలో దిగినప్పుడు ఒంట్లోకి ఏదో సత్తువ వచ్చేది. తిరిగొచ్చి వంట చేస్తున్నంతసేపూ ఆ సత్తువ మిగిలుండేది.

ఆఖరి ఆదివారం వెళ్ళేసరికి మడి నిండా ఎర్రమట్టి తోలించి ఉంది.

"మట్టి వెయ్యొద్దన్నాగదండీ. కిందకి దిగి కంకరంతా పూడుకుపోద్ది."

"రాళ్ళలో మొక్కలు నాటితే చూసినోళ్ళు నవ్వరా? మట్టి లేకుండా ఏది బతుకుద్ది?"

"మన ఇంట్లో బతకలేదా?"

"కాంట్రాక్టర్ని నువ్వా, నేనా?"

కూలీలు పని ఆపి చూస్తున్నారు. ఆమె చీర దులుపుకుని జీపులో కూచుంది. ప్రారంభోత్సవానికి ఆడవాళ్ళని పిలవలేదు. భవానీప్రసాద్ శాలువాతో తిరిగొచ్చాడు. రాఘవమ్మ కొడుక్కి దిష్టి తీసింది. శాలువా మడతపెట్టి బీరువాలో దాచింది ప్రేమకుమారే.

ఆ ఎండాకాలం వెళ్ళేసరికి మళ్ళీ నెల తప్పింది. ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్ళు తనలోనే ఉంచుకుంది. తెలిశాక రాఘవమ్మ ఈసారి మగపిల్లాడేనంది, అరుగు మీద కూచోవద్దంది, చన్నీళ్ళు పోసుకోవద్దంది. బరువుల మాట మాత్రం ఎత్తలేదు, ఎత్తితే పాతదేదో ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. ఇంట్లో తొట్టి తేటగానే ఉంది. ఎవరూ మొయ్యటంలేదు.

ఐదో నెల వచ్చిన రోజుల్లో ఒక ఉదయం జీపు చప్పుడైంది. మేనేజర్ దిగాడు, మొహం చిట్లించుకుని ఉన్నాడు. వరండాలో ఆయన మాటలు వంటింట్లోకి వినపడుతున్నాయి. గెస్ట్‌హౌస్ కొలను ముదురాకుపచ్చగా మారిందిట. మడిలో నీళ్ళు పైకి రాక గోడల పగుళ్ళలోంచి దారి మీదకి కారుతున్నాయిట. దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాలిట. వచ్చేవారం మంత్రిగారు దిగేది అక్కడే.

భవానీప్రసాద్ వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"రేపు పొద్దున్నే వెళ్దాం. కంకరంతా తీయించి కడిగించి మళ్ళీ పోయించాలి. ఆ కూలోళ్ళకి చెబితే బుర్రకెక్కదు. నువ్వు దగ్గరుండి, కావాలంటే ఓ చెయ్యి వెయ్యి."

"ఐదో నెలండి."

"తెలుసులే. మెల్లగా చేద్దువుగాని."

మెల్లగా. ప్రేమకుమారి ఆ మాట దగ్గర ఆగిపోయింది. దాంట్లో క్రూరత్వం వెతికితే దొరకదు. భార్య మీద దయతోనే అన్నాడు. ఈ మనిషి తనని చంపాలనుకోడు. తను చచ్చిపోతే ఏడుస్తాడు కూడా. ఏడుస్తూనే, వచ్చినవాళ్ళకి నాపరాళ్ళు చూపిస్తాడు. ఇంత కాలం అతనికి అర్థమయ్యేలా ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కుంది. అర్థం కాకపోవటం అతనికి అవసరమని ఇప్పుడు తెలుస్తోంది. రాఘవమ్మ చింతపండు పిసుకుతూ, తల ఎత్తకుండా, "ఒక్కరోజేగా అమ్మాయ్. ఆడి పరువు," అంది. ఆవిడ చేతులు మాత్రం పిసకటం ఆపేశాయి.

ప్రేమకుమారి కాఫీ గ్లాసు తీసుకుని వరండాలోకి వెళ్ళింది. భవానీప్రసాద్ వెనకే వచ్చాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది.

"మీ గెస్ట్‌హౌస్ మడిలో ఎర్రమట్టి పోశారండి. అది దిగి కంకర పూడిపోయింది. మట్టి ఉన్నన్నాళ్ళూ అది పనిచెయ్యదు," అంది.

మేనేజర్ ఆమె వైపూ భవానీప్రసాద్ వైపూ చూశాడు.

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు భర్త, నవ్వు తెచ్చుకుంటూ. "ఒంట్లో బాగుండటంలేదండి తనకి."

"ఒంట్లో బానే ఉంది. ఐదో నెల," అంది ప్రేమకుమారి మేనేజర్‌తోనే. "పోయినసారి ఐదో నెల్లో, మీరు ఇక్కడ భోంచేసిన రోజున, ఈ తొట్టి నీళ్ళు మోసి బిడ్డని పోగొట్టుకున్నా. మళ్ళీ మొయ్యకుండా ఉండాలనే ఈ మడి కట్టుకున్నా. మీది కట్టించింది కూడా నేనే. ఈసారి నేను రాను."

వంటింటి గుమ్మంలో రాఘవమ్మ నిలబడి ఉంది, చేతులకి చింతపండు రసం. ఆవిడ కాదనలేదు. మేనేజర్ కళ్ళు ఒక్కసారి తొట్టి మీదకి పోయి, వెంటనే పక్కకి తప్పుకున్నాయి. గ్లాసు అందుకోబోయి మానేశాడు. ఆయన ఏదో ఒకటి అంటాడని, కనీసం అయ్యో అంటాడని, ఆమెలో ఏ మూలో ఆశ ఉన్నట్టుంది. ఆయన వాచీ చూసుకున్నాడు.

"మీ ఇంటి విషయాలు నాకెందుకమ్మా," అన్నాడు. "నాకు మంత్రిగారొచ్చేలోగా పనైతే చాలు."

ఆ మాటతో ఆ ఆశ కూడా పోయింది. పోయాక ఆమెకి మాట్లాడటం తేలికైంది.

"అయితే మనుషుల్ని ఇక్కడికి పంపండి. ఈ మడి చూపించి ఏం చెయ్యాలో కూచుని చెప్తా. మొక్కలు కూడా ఇందులోంచే తీసుకెళ్ళొచ్చు. చెప్పినందుకు నా కూలి నాకు ఇవ్వండి. ఆయన బిల్లులో కలపొద్దు."

భవానీప్రసాద్ మొహం నల్లబడింది. కూలి అన్న మాట ఆ ఇంటి ఆడవాళ్ళ నోట, తమకోసం, ఎప్పుడూ రాలేదు. మేనేజర్ కాసేపు లెక్క వేసుకున్నట్టు నాపరాళ్ళ వైపు చూసి, "సరేనమ్మా. రేపు పంపుతా," అని లేచాడు.

భర్త ఆయన్ని సాగనంపటానికి గేటు దాకా వెళ్ళాడు. ప్రేమకుమారి వెనక గదిలోకి వచ్చింది. ఇప్పుడేం జరుగుతుందో ఆమెకి తెలుసు. పరువు తీశావంటాడు. అరుస్తాడు, చెయ్యి కూడా లేస్తుందేమో. పెనుగంచిప్రోలు కబురు పంపిస్తాడు, తండ్రి తల వంచుకుని వస్తాడు. భయం పోలేదు. భయంతోనే నిలబడొచ్చని మాత్రం కాసేపటి కిందటే తెలిసింది.

జీపు వెళ్ళిపోయిన చప్పుడైంది. గేటు మూసుకుంది. వరండా దాటి లోపలికొస్తున్న చెప్పుల చప్పుడు.

ఆమె గడియ పెట్టలేదు. గోడకి ఆనించి ఉన్న కుర్చీ లాక్కుని, తలుపుకి ఎదురుగా వేసుకుని కూచుంది.